హోల్డాన్

మా ఆయన మోకాళ్లు కనపడే చెడ్డీ వేసుకుని కార్వాన్ వీధుల్లో పరుగు మొదలుపెట్టిన రోజు నేను కూరగాయల బండి దగ్గర ఉన్నాను. బండి అతను నవ్వాపుకుంటూ, "అమ్మా, గా ఉరుకుతున్నది మీ సారే గద?" అని అడిగాడు. "కాదు, ఎవరో గట్లనే ఉన్నడు," అని చెప్పి టమాటాలు ఏరుకోవడంలో పడ్డాను. రిటైరైన మనిషి, ఇద్దరు మనవరాళ్ల తాత, పొద్దున్నే తొడలు చూపించుకుంటూ టోలి మసీదు ముందు నుంచి గోల్కొండ దాకా పరుగెత్తుతుంటే ఏ ఆడదానికి మాత్రం ఇజ్జత్ మిగులుతుంది? నా నోరు అసలే మంచిది కాదు. ఇంటికి రాగానే కడిగేశాను. ఆయన చెమట తుడుచుకుంటూ అన్నీ విని, "ఇంకో రొట్టె ఎయ్యవే," అన్నాడు.

ఆ ఒక్క మాటకు నేను నోరు మూసుకున్నాను. అంతకుముందు ఎంతోకాలంగా ఆయన నన్ను ఏదీ అడిగింది లేదు.

నేను పేరు పెట్టి పిలవను గానీ ఆయన పేరు మొగులయ్య. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ కొలువులో గట్టిగా అనాల్సిన మాటలు రెండే. "రైట్" అంటే బండి కదలాలి, "హోల్డాన్" అంటే ఆగాలి. డ్రైవరు ఎంత మొనగాడైనా సరే, కండక్టరు ఆ మాట అన్నాక బ్రేకు మీద కాలు వేయాల్సిందే. ఆ రెండు మాటలు అనీ అనీ ఆయన గొంతు మా గల్లీ చివరి దాకా వినపడేది. రిటైరయ్యాక ఆ గొంతు పోయింది. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తింటావా అంటే ఊఁ, తినవా అంటే ఊఁ. డాక్టరుకు చూపిస్తే అన్నీ బాగున్నాయన్నాడు. ఏం బాగున్నాయో ఆ డాక్టరుకే తెలియాలి.

ఆయన్ని మంచం మీద నుంచి లేపినవాడు నగేష్. మా పక్కింట్లోనే ఉంటాడు, కరెంటు ఆఫీసులో లైన్‌మన్, పెళ్లయి ఒక బిడ్డ. "బాపు, మా రన్నింగ్ క్లబ్బుకు రా. ఉరకకుంటే మానె, ఎనక నడువు," అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. క్లబ్బంటే అదేమంత పెద్దది కాదు. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం ఉన్న వైకుంఠం సేటు, సైదాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చే నర్సు రూప, ఇంకా కొందరు. ఒకరోజు తెల్లవారకముందు పురానాపూల్ దగ్గర లైట్లు లేని ట్రాలీ ఒకటి వీళ్ల మీదికి వస్తుంటే, వెనక నడుస్తున్న మా ఆయన "హోల్డాన్" అని అరిచాడట. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారట. ట్రాలీ వాళ్ల ముందు నుంచి దూసుకుపోయిందట. ఆనాటి నుంచి క్లబ్బుకు ఆయనే కండక్టరు. ఆయన "రైట్" అంటే తప్ప పరుగు మొదలవదు, ఆయన "హోల్డాన్" అంటే ఎవరూ ముందుకు అడుగు వేయరు. ముందు ఆటగా మొదలైంది, తర్వాత కట్టుబాటయింది. మా ఇంట్లోకి మళ్లీ ఆ గొంతు వచ్చింది. రొట్టెలు పెరిగాయి. చెడ్డీ సంగతి నేను దిగమింగుకున్నాను.

పోయిన నెల క్లబ్బంతా వైజాగ్ బయలుదేరింది. సముద్రం ఒడ్డున హాఫ్ మారథాన్, ఇరవై ఒక్క కిలోమీటర్లు. మా ఆయన సముద్రం చూడలేదు, నేనూ చూడలేదు, అందుకని నేనూ వెంట పడ్డాను. నాంపల్లిలో రైలెక్కినప్పటి నుంచి ఒకటే లొల్లి. నేను చేసుకొచ్చిన అటుకుల చుడువ చేతులు మారుతోంది. వైకుంఠం సేటు కొత్త గడియారం పెట్టుకొచ్చాడు. అది గుండె ఎంత కొట్టుకుంటుందో కూడా చెబుతుందట. "మీ గుండె సంగతి మీకు తెలుస్తలేదా సేటూ, గడియారం చెప్పాల్నా?" అని నేనంటే అందరూ నవ్వారు.

అప్పుడే మా ఆయన ఆ మాట ఎత్తాడు. "మనం ఉరుకుతుండంగనే సూర్యుడు నీళ్లలకెళ్లి ఎక్కుతడంట. మళ్ల ఎప్పుడు చూస్తమో ఏమో. గప్పుడు ఒక్కపారి అందరం ఆగి దండం పెట్టుకుందాం. జర సేపే. మళ్ల ఉరుకుదాం."

"అన్నా, నువ్వు హోల్డాన్ అను, ఆగకుంటే అడుగు," అన్నాడు సేటు.

"నేను గూడ ఆగుత బాపు. నేను ప్రార్థన చేసుకుంట," అంది రూప.

"బాపు అన్నంక ఆగని బండి ఉంటదా?" అన్నాడు నగేష్.

"సూర్యుడు మీకోసం ఆగుతడా ఏంది?" అన్నాను నేను, నోరు ఊరుకోక.

"ఆయన ఆగడే. మనం ఆగుతం," అన్నాడు మా ఆయన. ఆ రాత్రి పై బెర్తు మీద ఆయన నిద్రపోలేదు. ఆ ఒక్క మాట ఎప్పుడు అనాలా అని ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు.

పరుగు రోజు చీకటితోనే వాళ్లు వెళ్లిపోయారు. నేను బ్యాగులన్నీ ముందేసుకుని, పరుగు ముగిసే చోట పందిరి పక్కన కూర్చున్నాను. ఎదురుగా సముద్రం. చూడకముందు మస్తు నీళ్లుంటాయి అంతే కదా అనుకున్నాను. చూశాక నోట మాట రాలేదు, నాకు అది వింతే. కాసేపటికి నీళ్ల అంచున ఎర్రగా సూర్యుడు లేచాడు. ఇప్పుడు ఆయన పిలిచి ఉంటాడు, అందరూ ఆగి ఉంటారు అనుకుని నేనూ లేచి నిలబడి దండం పెట్టుకున్నాను. చెడ్డీ వేసుకుంటే వేసుకున్నాడు, ఇంతమందిని తన మాట మీద నిలబెట్టే మనిషి నా పెనిమిటి అని మొదటిసారి గర్వంగా అనిపించింది.

మా వాళ్లలో అందరికంటే ముందు నగేష్ వచ్చాడు. మెడలో మెడల్ వేశారు. నేను చెయ్యి ఊపితే చూసి కూడా చూడనట్టు నీళ్ల సీసాల వైపు వెళ్లాడు. మనిషి అలసిపోయాడేమో అనుకున్నాను. ఆ వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. "బాపు ఏడీ?" అంటే "ఎనకనే వస్తుండమ్మా," అని బూట్ల తాళ్లు విప్పుకోవడంలో పడ్డారు. తర్వాత వైకుంఠం సేటు వచ్చాడు, గడియారం చూసుకుంటూ, నవ్వుతూ. నన్ను చూడగానే ఆ నవ్వు పోయింది.

"మా ఆయన ఏడి సేటూ?"

"వస్తడు వదినమ్మా. సముద్రం లొల్లిల అసలేం ఇనపడలే."

నేను ఎక్కడున్నాడని అడిగితే ఈయన ఏం వినపడలేదని చెబుతున్నాడు. టికెట్ తీసుకోనివాడు కండక్టరు అడగకముందే జేబులు తడుముకుంటాడని మా ఆయన చెబుతుండేవాడు. "ఏం ఇనపడలేదు?" అని అడిగాను. సేటు అప్పటికే అరటిపళ్ల బల్ల దగ్గరికి జరిగిపోయాడు.

నిజం రూప చెప్పింది. ఆమె కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూలబడి, మెడల్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పెద్దమ్మా, బాపు హోల్డాన్ అన్నడు. రెండుపార్లు అన్నడు. అందరికి ఇనపడ్డది. ముందటోళ్లు ఆగుతరేమో అని నేను చూసిన. ఎవ్వలు ఆగలే. టైం మంచిగ వస్తుండె అందరికి. నేను సుత ఆగలే పెద్దమ్మా."

"మరి ఆయన?"

"ఆగిపోయిండు. చెయ్యి లేపి నిలబడ్డడు. మళ్ల నేను ఎనకకు చూడలే."

ఏరు దాటేదాక ఓడమల్లన్న, దాటినంక బోడమల్లన్న అని ఊరికే అన్నారా పెద్దలు? రోజూ ఆయన రైట్ అంటే కదిలి, హోల్డాన్ అంటే ఆగి, మెడల్ కనపడేసరికి చెవులు మూసుకున్నారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి నిలదీయాలని లేచాను. కానీ కోపం కంటే భయం ఎక్కువైంది. ఆ మనిషి ఇంకా రాలేదు. ఎవరో ముసలాయన కూడా పరుగు ముగించి మా పక్కన కూర్చుని పళ్లు తింటున్నాడు. నేను బ్యాగులు రూప మీద వదిలేసి, కొంగు దోపుకుని, పరుగెత్తే వాళ్లకు ఎదురుగా రోడ్డు పట్టుకుని నడిచాను.

చాలా దూరం నడిచాక కనపడ్డాడు. సముద్రం పక్కన పొట్టి గోడ మీద కూర్చున్నాడు. రొమ్ము మీద పిన్నులతో పెట్టిన నంబరు కాగితం లేదు. దాన్ని మడిచి చేతిలో పట్టుకున్నాడు. నీళ్లు పంచుతున్న ఆ ఊరి అమ్మాయి ఒకతె నన్ను చూసి దగ్గరికొచ్చింది. "మీ వారాండీ? ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నారు. కాలు పట్టేసిందా బాబాయ్ గారూ అంటే లేదంటారు, వ్యాన్ ఎక్కమంటే వద్దంటారు," అంది.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఏమైందయ్యా? పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

"మరి గిక్కడ కూసున్నవేంది?"

సముద్రం వైపు చూస్తూనే చెప్పాడు. "సూర్యుడు లేస్తుండె. గంత పెద్దగ నేనెన్నడు చూడలే. చెయ్యి లేపి హోల్డాన్ అన్న. గొంతు మంచిగనే ఎల్లింది. ఎవ్వలు ఆగలే. మల్లొకపారి అన్న. చెయ్యి దించబుద్ధి కాలే, దించితే ఉత్తగనే లేపినట్టు అయితది గద. గట్లనే నిలబడ్డ. ఎవడో పిలగాడు, నేను శాబాష్ చెప్తున్న అనుకున్నడేమో, ఉరుక్కుంట వచ్చి నా చెయ్యికి చెయ్యి కొట్టి పోయిండు. వాని ఎనక ఇంకోడు కొట్టి పోయిండు. నగుకుంట కొట్టిన్రు, మంచోళ్లే పాపం. గప్పుడు నాకు చచ్చేంత సిగ్గయిందే."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన తప్పేముంది, సిగ్గుపడాల్సింది వాళ్లు కదా అన్నాను.

"లేదే. ఆగనోనికి ఏముంటది, పోతనే ఉంటడు. పిలిచినోడే నిలబడి ఉంటడు, అందరు చూస్తరు," అన్నాడు. చేతిలోని కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు. "రాజీ, వాళ్లకు ఇనపడలేదంటవా?"

ఈ ప్రశ్న నన్ను ఎందుకడిగాడో నాకు తెలుసు. రూప చెప్పింది నా నాలుక చివర ఉంది. ఎవరి ముందూ ఏదీ దాచని దాన్ని, ఆయన ముఖం చూస్తే చెప్పడం నా వల్ల కాలేదు.

"సముద్రం లొల్లిల ఏం ఇనపడతదయ్యా," అన్నాను. సేటు నోట్లో నుంచి ఊడిపడ్డ మాటే నా నోట్లోంచీ వచ్చింది.

ఆయన తల ఊపాడు. "గంతే అయ్యుంటది. ఇనపడలేదంటే ఏం ఫికర్ లేదు. రేపు మళ్ల పోత, మళ్ల ఉరుకుత. ఇనపడి ఆగలేదంటే మాత్రం నేను వాళ్లల్ల ఇంక నిలబడలేనే. ఇంట్లనే పడి ఉంట." అంతలోనే నా వైపు తిరిగాడు. "ఒక పని చేద్దాం. అసలు నేను పిలవనే లేదని చెప్త. గట్లయితే ఎవ్వలకు లొల్లి ఉండది. నువ్వు జర నోరు కట్టుకో. నాకోసం."

నాకు మంచం గుర్తొచ్చింది, గోడ వైపు తిరిగిన ఆ వీపు గుర్తొచ్చింది. సరే అన్నాను. పరుగు దారిలో నడుద్దామంటే ఒప్పుకోలేదు. పక్క సందులోంచి ఆటో ఎక్కి వచ్చాం.

పందిరి దగ్గర అందరూ ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూడగానే మాటలు ఆగిపోయాయి. ఒకరు ప్లేట్లోకి చూస్తే ఒకరు ఇసుకలోకి చూశారు. మా ఆయనే పలకరించాడు. "ఏంది గట్ల కూసున్నరు? అందరికి మంచి టైం వచ్చిందా? నాకు పిక్క పట్టింది, గందుకే ఆగిన."

వైకుంఠం సేటు గొంతు సవరించుకున్నాడు. "మొగులన్నా, నువ్వు పిలిచినవేమో, మాకు..."

"నేనేడ పిలిచిన సేటూ? యాదికే లేదు. సూర్యున్ని చూస్కుంట అన్నీ మర్శిన."

ఆ మాటకు వాళ్ల ముఖాలు తేలికపడడం నేను చూశాను. సేటు చేతిలో ఇడ్లీ మళ్లీ నోటి వైపు కదిలింది. ఎవరో ఆయనకు ప్లేటు తెచ్చారు, ఎవరో కుర్చీ జరిపారు. "బాపు, వచ్చేసారి చూద్దాంలే," అన్నారు. రూప ఒక్కతే నా వైపు చూసి తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

అప్పుడు నగేష్ లేచాడు. వాడు అందరికీ దూరంగా మెట్ల మీద ఉన్నాడు, ప్లేటు ముట్టలేదు. వచ్చి మా ఆయన ముందు నిలబడ్డాడు.

"బాపు, నువ్వు పిలిచినవ్."

"లేదురా."

"పిలిచినవ్ బాపు. నాకు ఇనపడ్డది. ఎనకకు తిరిగి నీ చెయ్యి గూడ చూసిన. ఇంక జరంత ఉరికితే మంచి టైం వస్తది అనుకుని పోయిన. నువ్వు నన్ను తిట్టు, కొట్టు, ఏమన్న చెయ్యి. పిలవలేదని మాత్రం అనకు. నా పానం కొట్టుకుంటున్నది."

అందరి చేతులూ ప్లేట్లలోనే ఆగిపోయాయి. ఒక్క క్షణం మా ఆయన కోపం తెచ్చుకుంటాడేమో, ఒక్క దెబ్బ వేస్తాడేమో, అంతటితో అంతా కొట్టుకుపోతుందేమో అని ఆశపడ్డాను. ఆయన మాత్రం నవ్వాడు. గోడ మీద కూర్చున్నప్పుడు కూడా ఆ ముఖం అంత పాలిపోలేదు.

"నేను పిలవంది నీకెట్ల ఇనపడ్డదిరా?"

"బాపు..."

"పిలవలే అంటున్న గద. ఇంక ఇడిశిపెట్టు."

నగేష్ నా వైపు తిరిగాడు. వాడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కండక్టరు పెళ్లానికి నోరు కట్టుకోవడం రాదని వాడికి తెలుసు. ఎవరు తప్పు చేసినా ముఖం మీదే అడుగుతానని, నిజం నా దగ్గర దొరుకుతుందని వాడి నమ్మకం. "పెద్దమ్మా, నువ్వన్న చెప్పు. బాపు నీకు చెప్పే ఉంటడు. పిలిచిండా లేదా?"

మా ఆయన నన్ను చూడలేదు. ప్లేటులోని చట్నీని వేలితో కలుపుతున్నాడు. అవునంటే ఆయన రేపటి నుంచి మంచం దిగడు. కాదంటే, అంతమందిలో ఒక్కడే లేచి తల వంచినవాడిని నేను తోసేసినట్టు. తల వంచని వాళ్లందరూ నా జవాబు కోసం చూస్తున్నారు, కాదంటే బాగుండునని చూస్తున్నారు.

"పిలవలేదు నగేష్," అన్నాను. "నువ్వే ఏదో అనుకున్నవ్."

వాడు నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. ఎవరో "ఎండకు గట్లనే అయితది తమ్మీ, కూసో," అన్నారు. ఇంకెవరో నవ్వారు. వాడు వెళ్లి మళ్లీ మెట్ల మీద, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

మా ఆయనను మంచం మీద నుంచి లేపినవాడు వాడు. ఆయన ఎదుట నిజం చెప్పినవాడూ వాడొక్కడే. వాడిని అందరి ముందు అబద్ధాలకోరును చేసి, నేను మా ఆయన పక్కన కూర్చుని ఇడ్లీ తిన్నాను.